హైదరాబాద్ శివార్లలో మట్టి బ్లాకుల ఇల్లు: బలం, ఖర్చు, వాన, వేసవి

ఎర్రనేల

ఇబ్రహీంపట్నం వైపు మాకు 300 చదరపు గజాల స్థలం ఉంది. అక్కడ కింద ఒకటి, పైన ఒకటి చొప్పున రెండు అంతస్తుల ఇల్లు కట్టుకోవాలని అనుకుంటున్నాము. పునాది పరీక్ష కోసం గుంత తీయించినప్పుడు పైన ఎర్రటి చల్క మట్టి, దాని కింద మంచి మందాన మొరం (గులకతో కూడిన గరుకు మట్టి) బయటపడ్డాయి. ఈ మట్టిని లారీల్లో బయటికి పంపి, మళ్ళీ లారీల్లోనే ఇటుకలు తెప్పించుకోవడం ఎందుకు, కొద్దిగా సిమెంటు కలిపి అక్కడికక్కడే బ్లాకులు అదిమించి గోడలు కట్టించుకోండి అని మాకు తెలిసిన ఒక ఆర్కిటెక్టు సలహా ఇచ్చారు. బంధువులలో సగం మంది మొదటి పెద్ద వానకే గోడలు కరిగిపోతాయని భయపెడుతున్నారు. మిగిలిన సగం మంది పర్యావరణం అన్న మాట వినగానే తల ఊపి ఊరుకుంటున్నారు. రెండు వర్గాల దగ్గరా లెక్కలేమీ లేవు. ఈ గోడల బలం ఎంత, నీటిని ఏ మేరకు తట్టుకుంటాయి, కాల్చిన ఇటుక కంటే నిజంగానే మేలా, మన దగ్గర ఈ పని తెలిసినవారు దొరుకుతారా అన్నవి నా ప్రశ్నలు. అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు.

పాతమిద్దె

మాది కర్నూలు జిల్లా, ప్రస్తుతం ఉంటున్నది దిల్‌సుఖ్‌నగర్. నేను పుట్టి పెరిగిన మిద్దెకు రెండడుగుల మందం మట్టిగోడలు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద చౌడు మట్టి ఉండేవి. ఏటా తొలకరికి ముందు కప్పు మీద కొత్త చౌడు పరచడం ఇంటి పనులలో ఒకటిగా సాగేది. చౌడు మట్టిలో సోడియం లవణాలు ఎక్కువగా ఉండడం వలన తడిసినప్పుడు అందులోని బంకరేణువులు విడివడి సందులన్నిటినీ పూడుస్తాయి, నీరు కిందికి దిగదు. సేద్యానికి పనికిరాని నేల కప్పుకు అందుకే పనికివచ్చింది. ఆ ఇంటిలో ఎండాకాలం మధ్యాహ్నం పడుకున్న సుఖం ఇప్పటి అపార్టుమెంటులో ఏసీ వేసినా రావడం లేదు. కాబట్టి ఎర్రనేల గారు ధైర్యంగా ముందుకు వెళ్ళవచ్చునని నా అభిప్రాయం.

రాతిపునాది

నేను స్ట్రక్చరల్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. పాతమిద్దె గారి ఇల్లు, ఎర్రనేల గారు కట్టదలచిన ఇల్లు ఒకటి కావు. ఈ రెండింటినీ కలిపి మాట్లాడితే బంధువుల భయమూ తీరదు, ఇంజనీరు లెక్కా తేలదు. పచ్చిమట్టి గోడలో బంకమన్ను తప్ప వేరే బంధకం ఉండదు కనుక నీరు తగిలితే అది తిరిగి బురదగా మారుతుంది. సిమెంటు కలిపి యంత్రంతో అదిమిన బ్లాకు అలా కాదు. 5 నుండి 8 శాతం సిమెంటు వేసి, సరైన తేమతో అదిమి, నాలుగు వారాలు తడి ఆరకుండా ఉంచితే అది నీటిలో కరగదు. అయితే తడిసినప్పుడు దాని బలం పొడిగా ఉన్నప్పటి బలంలో దాదాపు సగానికి పడిపోతుంది. అందువల్ల ఎవరైనా బ్లాకు బలం ఇంత అని చెప్పినప్పుడు, అది పొడిదా తడిదా అని అడగడం మొదటి పని. ఈ బ్లాకులకు ఐఎస్ 1725 అనే భారతీయ ప్రమాణం ఉంది, దానిని 2013లో సవరించారు. పచ్చిమట్టి కట్టడాలకు భూకంప జాగ్రత్తలను 1993 నాటి ఐఎస్ 13827 చెబుతుంది.

ఇక లెక్క. రెండు అంతస్తుల ఇంటిలో 230 మిల్లీమీటర్ల మందం గోడ అడుగున, మామూలు గది కొలతలకు, సుమారు 0.2 నుండి 0.35 మెగాపాస్కల్ ఒత్తిడి పడుతుంది (ఒక మెగాపాస్కల్ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు పది కిలోల బరువు). రెండు వైపులా స్లాబు మోసే నడిమి గోడకు ఎక్కువ, బయటి గోడకు తక్కువ. ఇటుక, రాతి గోడల కట్టడానికి ఉన్న ఐఎస్ 1905 ప్రమాణం ప్రకారం 3.5 మెగాపాస్కల్ బలం గల ఇటుకకు అనుమతించే ప్రాథమిక ఒత్తిడి 0.35 మాత్రమే. కాబట్టి తడి బలం 3.5 ఉన్న బ్లాకు బయటి గోడలకు సరిపోతుంది గాని, నడిమి గోడలకు అంచున నిలుస్తుంది. నేనైతే కింది అంతస్తుకు 5 మెగాపాస్కల్ అడుగుతాను. ఈ మట్టితో అది అసాధ్యమేమీ కాదు, కాని మొరాన్ని పరీక్షించకుండా హామీ ఇవ్వలేను.

భూకంపం విషయంలో హైదరాబాదు తక్కువ ప్రమాదం గల రెండవ జోనులో ఉందని చాలామంది నిశ్చింతగా ఉంటారు. 1993 సెప్టెంబరు 30న మహారాష్ట్రలోని కిల్లారి కంపించే నాటికి ఆ ప్రాంతం అన్నిటికంటే తక్కువ ప్రమాదం గల జోనులోనే ఉండేది. అక్కడ వేల ప్రాణాలు పోవడానికి ముఖ్య కారణం మట్టితో పేర్చిన గుండ్రాళ్ళ గోడల మీద మోయలేనంత మందాన మట్టి కప్పులు ఉండడం. పాతమిద్దె గారు మన్నించాలి, మీరు చెప్పిన చౌడు మిద్దె చల్లగా ఉండడానికి కారణమైన బరువే అటువంటి సమయంలో ప్రాణాంతకమవుతుంది. 2024 డిసెంబరు 4న ములుగులో వచ్చిన 5.3 తీవ్రత గల ప్రకంపన హైదరాబాదులోనూ తెలిసింది. అందువల్ల పీఠం దగ్గర, లింటెల్ దగ్గర, కప్పు దగ్గర ఇంటి చుట్టూ ఆర్సీసీ పట్టీలు, మూలలలో నిలువు ఊచలు వేయించండి. కిటికీలను మూలలకు దూరంగా పెట్టించండి. ఇటుకల ఇంటికీ ఇవే జాగ్రత్తలు వర్తిస్తాయి, మనవారు అక్కడా వాటిని ఎగవేస్తారు, అది వేరే చర్చ.

ఉప్పల్‌వాసి

ఇంజనీరు గారి లెక్కను కాదనను గాని, ఈ మట్టి ఇళ్ళ ప్రచారం మీద నాకు అనుమానమే ఎక్కువ. ఈ మధ్య నగరం చుట్టూ ఫామ్‌హౌసులలో కనిపించే మట్టి ఇళ్ళలో గోడకు వాడే ఎర్రమట్టి ఎక్కడి నుండో రంగు చూసి తెప్పించినది. అందులో 10, 12 శాతం సిమెంటు, లోపల ఆర్సీసీ స్తంభాలు, పైన మెరుపు కోసం రసాయనపు పూత. చూడడానికి మట్టి, లెక్క చూస్తే మామూలు ఇంటి కంటే ఎక్కువ సిమెంటు. దీనిని పర్యావరణహితమని పిలవడం నాకు మింగుడుపడదు. పైగా చెదలు, చెమ్మ, రేపు అమ్ముకునేటప్పుడు కొనేవారి సందేహాలు, బ్యాంకు వాల్యూయరుకు నచ్చజెప్పడం వంటి బాధలన్నీ ఇంటివారి నెత్తిన పడతాయి.

లెక్కలమాస్టారు

ఉప్పల్‌వాసి గారు చెప్పినదానిలో నిజం ఉంది, అందుకే అంకెలు చూద్దాం. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ఏర్పడిన అస్త్ర విభాగం ఈ రంగంలో మన దేశంలో ఎంతో పని చేసింది. ఆ సంస్థకు చెందిన వెంకటరామ రెడ్డి, జగదీశ్ 2003లో ప్రచురించిన పరిశోధనలో, ఒక ఘనపు మీటరు కాల్చిన ఇటుకల గోడ తయారీకి 2,141 మెగాజౌళ్ళ శక్తి ఖర్చవుతుందని లెక్కగట్టారు. 6 శాతం సిమెంటు కలిపిన మట్టి బ్లాకుల గోడకు అది 646, సిమెంటు 8 శాతమైతే 810. అంటే దాదాపు మూడింట ఒక వంతు. ఇటుకను బట్టీలో బొగ్గుతోనో ఊకతోనో రోజుల తరబడి కాల్చాలి, బ్లాకుకు ఆ మంట అక్కరలేదు, తేడా అంతా అక్కడే ఉంది.

కాని 6 నుండి 8 శాతానికి వెళ్ళగానే లెక్క ఎంత మారిందో గమనించండి. మట్టి బ్లాకు ఘనపు మీటరుకు సుమారు 1,900 కిలోల బరువుంటుంది, అందులో 6 శాతమంటే 114 కిలోలు, రెండు బస్తాలకు కొంచెం పైన. 12 శాతానికి వెళితే నాలుగున్నర బస్తాలు దాటుతుంది, ఇటుక మీద మిగిలిన లాభంలో చెప్పుకోదగ్గ భాగం అక్కడే కరిగిపోతుంది. సిమెంటు తయారీలో ఇంధనం పొగ మాత్రమే కాక, కాలుతున్న సున్నపురాయి నుండే కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుందన్నది కూడా మరువకూడదు. కనుక నేను పెట్టుకునే కొలమానాలు మూడే: మట్టి ఆ స్థలంలోదేనా, సిమెంటు 8 శాతం లోపేనా, గోడే బరువు మోస్తున్నదా. మూడవది అన్నిటికంటే ముఖ్యం. ఆర్సీసీ స్తంభాలు, దూలాలు వేసి మధ్యలో మట్టి బ్లాకులు నింపితే, ఆ గోడ మోసే పని ఏమీ లేదు. పైగా ఏఏసీ బ్లాకుతో (గాలి బుడగలతో తేలికగా చేసే కాంక్రీటు బ్లాకు) పోలిస్తే దాని బరువు మూడింతలు కనుక స్తంభాలలో ఇనుము పెరుగుతుంది.

మన నగరం నడిబొడ్డున ఇది ఎందుకు కుదరదో కూడా దీనితోనే తేలుతుంది. చిన్న స్థలాలలో సైతం కింద స్టిల్ట్ పార్కింగ్ వదిలి పైన మూడు నాలుగు అంతస్తులు వేయడం ఇక్కడ రివాజు. కింద గోడలే లేనప్పుడు పై గోడలు బరువు మోసే ప్రశ్నే రాదు. కాబట్టి కూకట్‌పల్లిలో 150 గజాల స్థలం ఉన్నవారికి నేను మట్టి బ్లాకులను సిఫారసు చేయను. శివార్లలో రెండు అంతస్తులకు మించని సొంత ఇల్లు, కాళ్ళ కిందే మొరం ఉన్న నేల, ఇవి రెండూ కలిసిన ఎర్రనేల గారి వంటి వారికే ఈ పద్ధతి న్యాయం చేస్తుంది.

చేవెళ్ళవాసి

మా స్థలంలో నల్లరేగడి ఉంది. దానితో ఈ బ్లాకులు తీయవచ్చునా? సున్నం కలిపితే సరిపోతుందని ఒకరు, అసలు ముట్టుకోవద్దని మరొకరు చెబుతున్నారు.

మొరం మేస్త్రి

పదేళ్ళుగా బ్లాకుల పని చేయిస్తున్నవాడిగా చెబుతున్నాను. చేవెళ్ళవాసి గారూ, నల్లరేగడిలో ఉండే బంకమన్ను నీరు పీల్చితే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలు విచ్చుతుంది. సిమెంటు దానిని గట్టిగా పట్టలేదు. సున్నం ఆ బంకతో కలిసి నెమ్మదిగా గట్టిపడుతుంది, అందులో అబద్ధం లేదు, కాని ఇంటికి సరిపడా బ్లాకులు అలా తీయడం ఓపికతో కూడిన పని, ఖర్చు కూడా పెరుగుతుంది. బయటి నుండి ఇసుక, రాతిపొడి తెచ్చి సగానికి సగం కలిపే కన్నా మీరు ఫ్లైయాష్ (థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద) ఇటుకలకు వెళ్ళడమే మంచిది. పునాదిని మాత్రం రేగడిని దాటి గట్టి నేల దాకా తీయించుకోండి.

ఎర్రనేల గారి మట్టి విషయానికి వస్తే, పైనున్న అడుగు, అడుగున్నర మట్టిని పక్కకు తీసి తోటకు ఉంచుకోవాలి. అందులో వేళ్ళు, కుళ్ళిన ఆకులు ఉంటాయి, అవి బ్లాకులో చేరితే బలం పోతుంది. కింది మట్టిని గాజు సీసాలో మూడో వంతు పోసి, నీళ్ళు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి ఒక రోజు కదల్చకుండా ఉంచండి. అడుగున గులకరాళ్ళు, దాని పైన ఇసుక, ఆ పైన ఒండ్రు, అన్నిటికంటే పైన బంక పొరలుగా తేరుకుంటాయి. మట్టి కట్టడాల మీద పనిచేసే, పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్ వారు చెప్పే నిష్పత్తి గులక 15, ఇసుక 50, ఒండ్రు 15, బంక 20 శాతం. మన చల్క నేలల కింది మొరం చాలాచోట్ల దీనికి దగ్గరగానే ఉంటుంది, బంక కాస్త తగ్గితే పైమట్టికి దిగువనున్న ఎర్రమట్టిని కొంచెం కలుపుకోవచ్చు. సీసా పరీక్ష మొదటి అంచనాకే, తరువాత ల్యాబులో చేయించక తప్పదు.

బ్లాకు చెడిపోయేది మట్టి వలన కాదు, ఎక్కువగా తేమ వలన. పొడిగా ఉంటే అదిమినా పట్టదు, ఎక్కువ తడిస్తే అచ్చు నుండి తీసేటప్పుడే వంగుతుంది. కలిపిన మట్టిని పిడికిట ఉండగా చేసి నడుము ఎత్తు నుండి నేల మీద వదిలితే నాలుగైదు పెళ్ళలుగా విరగాలి. అలాగే పడి ఉంటే తడి ఎక్కువ, పొడిపొడిగా రాలితే తక్కువ. సిమెంటు కలిపాక ఆ కలుపును గంటలోపు అదిమేయాలి, మధ్యాహ్నం భోజనానికి పోయి వచ్చి మిగిలినది వాడే కూలీలను నేను చాలామందిని చూశాను. ఆ బ్లాకులు చూడడానికి బాగానే ఉంటాయి, వానలో అంచులు రాలుతాయి. ఒక్కో అచ్చుకు మట్టిని చేతితో కాకుండా తూకం వేసి పోయించండి, లేకపోతే బ్లాకు బ్లాకుకు ఎత్తు మారి గోడ వరుస తప్పుతుంది.

పనివారి మాటకు వస్తే, బ్లాకు తీసేవారి కంటే పేర్చేవారి కొరత ఎక్కువ. మామూలు మేస్త్రీలు ఇటుక అలవాటుతో అంగుళం మందాన సిమెంటు మాలు వేస్తారు. ఇక్కడ అరంగుళానికి లోపే ఉండాలి, మాలులో కూడా అదే మట్టి కలపాలి. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ప్రాంగణంలో గ్రామీణ సాంకేతిక పార్కు ఉంది, అక్కడ రకరకాల పద్ధతులలో కట్టిన నమూనా ఇళ్ళు ఉన్నాయి. మేస్త్రీని వెంట తీసుకుపోయి చూపిస్తే వంద మాటలు మిగులుతాయి.

ఉప్పల్‌వాసి

చెదల గురించి ఎవరూ మాట్లాడలేదు. బయట పూత పూయకుండా వదిలేస్తే ఎలా ఉంటుందో కూడా తెలియజేయండి.

సున్నపురాయి

పాత కట్టడాల మరమ్మతులలో పనిచేస్తాను కనుక పూతల గురించి చెప్పగలను. చెదలు గోడను తినవు, గోడలో దారి చేసుకుని తలుపులు, దూలాల కోసం పైకి వస్తాయి. కాల్చిన ఇటుకల ఇళ్ళలోనూ వాటి తీరు ఇదే. నేల నుండి కనీసం రెండడుగుల ఎత్తున గ్రానైట్ రాతి పీఠం, దాని మీద చెమ్మను ఆపే పొర, పునాది గుంతలో చెదల మందు వేయిస్తే ఆ బాధ అదుపులో ఉంటుంది. మన నగరంలో రాతికి కరువు లేదు. గోడకు వాన తగలకుండా చూరు రెండడుగులైనా ముందుకు రావాలి. హైదరాబాదులో ఏడాదికి కురిసేది సుమారు 800 మిల్లీమీటర్లే గాని, అందులో చాలా భాగం గాలితో కలిసి ఏటవాలుగా కొడుతుంది. నేల మీద పడి చిందే నీరు గోడ అడుగుభాగాన్ని కొట్టడం కూడా అంతే ప్రమాదం, చుట్టూ రెండడుగుల గచ్చు వేసి వాలు బయటికి ఉంచాలి.

సిమెంటు కలిపిన బ్లాకుకు పూత తప్పనిసరి కాదు. వాన కొట్టే నైరుతి ముఖానికి మాత్రం సున్నపు పూత వేయించమంటాను. పచ్చిమట్టి గోడ మీద మాత్రం సిమెంటు పూత ఎన్నడూ వేయించకండి, లోపలి చెమ్మ బయటికి పోలేక పూత వెనుక మట్టి మెత్తబడి, కొన్నేళ్ళకు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. పల్లెల్లో పాత ఇళ్ళను బాగుచేస్తున్నామనుకుని చాలామంది చేస్తున్న పని ఇదే. 1591 నాటి చార్మినార్ రాతికి సున్నమే బంధకం, సున్నపు గచ్చే అలంకారం. ఇక మట్టి నిలవదనేవారు వరంగల్లు వెళ్ళి కాకతీయుల రాతికోట చుట్టూ ఉన్న మట్టికోట కట్టను ఒకసారి చూడాలి. అది ఇల్లు కాదు, గట్టు, కాబట్టి దానిని ఇంటి గోడకు రుజువుగా చూపను. మట్టిని ఎంత వాలుతో, ఎంత మందంతో వాడాలో తెలిసినవారు మన దగ్గర ఉండేవారని మాత్రం అది చెబుతుంది.

లెక్కలమాస్టారు

వేసవి సంగతి పాతమిద్దె గారు ఎత్తారు, దానిని మరొక కోణంలో చూడాలి. మందపాటి మట్టిగోడ వేడిని ఆపదు, ఆలస్యం చేస్తుంది. మధ్యాహ్నపు ఎండ లోపలికి వచ్చేసరికి సాయంత్రమో రాత్రో అవుతుంది, అప్పుడు కిటికీలు తెరిచి చల్లగాలి ఆడనిస్తేనే గోడ ఆ వేడిని వదులుకుంటుంది. మే నెల రాత్రులలో కిటికీలు మూసి ఏసీ వేసుకునేవారికి ఈ గోడ నిల్వ ఉంచిన వేడి శత్రువే. పైగా ఆయన పాత ఇంటి చల్లదనంలో రెండడుగుల గోడకు, అడుగు మందం మట్టి కప్పుకు, ఇరుకు కిటికీలకు తలా కొంత భాగం ఉంది. 9 అంగుళాల బ్లాకు గోడకు అదంతా రాదు. రెండు అంతస్తుల ఇంటిలో పై గదులకు వేడి వచ్చేది ముందుగా కప్పు నుండే. పైన తెల్లటి పూతో తెల్ల టైల్సో వేయకుండా గోడల మీద ఎంత ఖర్చు పెట్టినా పై అంతస్తు పొయ్యిలాగే ఉంటుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇందుకే. స్లాబు కింది భాగంలో, కాంక్రీటు బరువు మోయని చోట, పాత పెంకులు పెట్టి పోసే ఫిల్లర్ స్లాబు కూడా ఆలోచించండి, సిమెంటు తగ్గుతుంది.

పాతమిద్దె

రాతిపునాది గారు, లెక్కలమాస్టారు గారు చెప్పినవి ఒప్పుకుంటున్నాను, అయినా ఒక మాట. ఇన్ని పరీక్షలు, ల్యాబులు, ప్రమాణాలు పెడితే ఇది మళ్ళీ డబ్బున్నవారి ఇల్లే అవుతుంది. మా ఊళ్ళో గోడ పెట్టినవారికి ఏ ప్రమాణమూ తెలియదు, మట్టిని కాలితో తొక్కి చెప్పేవారు.

రాతిపునాది

అది న్యాయమైన మాటే. కాని ఆ కాలితో తొక్కి చెప్పగల మనిషి ఇప్పుడు ఊళ్ళో లేడు, నగరానికి వచ్చి సెంట్రింగు పనిలో చేరిపోయాడు. ఆ లోటును ల్యాబు పూడుస్తున్నది. పేదల ఇళ్ళకు ఈ పద్ధతి రాదనుకోవడం కూడా సరికాదు, 2001 భుజ్ భూకంపం తరువాత కచ్ పునర్నిర్మాణంలో ఈ మట్టి బ్లాకులనే విరివిగా వాడారు. అక్కడ ఊరికి ఒక యంత్రం, శిక్షణ పొందిన ఒక బృందం ఉండడం వలన ఖర్చు పంచుకోగలిగారు. ఒక్క ఇంటి కోసం యంత్రం తెప్పిస్తే భారమే.

ఎర్రనేల

అందరికీ కృతజ్ఞతలు. కింది అంతస్తు గోడలకు మొరం బ్లాకులు, ల్యాబు ఫలితం వచ్చాకే పై అంతస్తు సంగతి అని ఇంట్లో నిర్ణయించుకున్నాము. పక్క స్థలం వారు కూడా ఆసక్తి చూపుతున్నారు కాబట్టి యంత్రం అద్దె పంచుకోవచ్చును. ఇక రెండు సందేహాలు: కరెంటు పైపుల కోసం గోడను చెక్కవచ్చునా? బ్లాకుల పని ఎప్పుడు మొదలుపెట్టాలి?

మొరం మేస్త్రి

బరువు మోసే గోడను అడ్డంగా ఎక్కడా చెక్కనివ్వకండి. నిలువు పైపులను గోడ లేచేటప్పుడే, బోలు బ్లాకు పెట్టో మూలన ఖాళీ వదిలో పైకి తీసుకుపోవాలి, అడ్డపు పైపులు లింటెల్ పట్టీలోనూ స్లాబులోనూ వెళ్ళాలి. అందుకని ఎలక్ట్రీషియన్ బొమ్మ గీసి ఇచ్చాకే గోడ మొదలుపెట్టండి, తరువాత స్విచ్ బోర్డు జరిపితే కుదరదు. బ్లాకులు దీపావళి దాటాక తీయడం మొదలుపెడితే వాన బెడద ఉండదు. ఎండ కూడా మెత్తగా ఉంటుంది కనుక తడి త్వరగా ఆరదు. మొదటి వారం పాలిథీన్ కప్పి ఉంచి, ఆ తరువాత మూడు వారాలు రోజూ తడపాలి, దానికి బోరులో నీరు సరిపడా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. ఈ లెక్కన సంక్రాంతి తరువాత గోడలు లేపితే మృగశిర కార్తెకు ముందే స్లాబు పడుతుంది. ల్యాబుకు పంపేటప్పుడు ఏరి మంచి బ్లాకులు పంపకండి, ప్రతి రోజు తీసినవాటిలో నుండి చేతికందినవి తీసి, తేదీ రాసి పంపండి.